వేట నిషేధంలో మా ఇంటి సైన్సు

సముద్రం మీద వేట నిషేధం పెట్టే రెండు నెలలూ చేపలు హాయిగా ఉంటాయి, మాలాంటి ఆడోళ్ళకి మాత్రం ప్రాణం మీదికొస్తది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం, మర బోట్లు కదలకూడదని గవర్నమెంటు రూలు. బోట్లు ఒడ్డున పడుంటాయి, మొగోళ్ళు ఇంట్లో పడుంటారు. వలలు బాగుచేసుకునేది కొన్నాళ్ళ పనే. ఆ తర్వాత వాళ్ళకి చెయ్యి ఊరుకోదు, నోరూ ఊరుకోదు. మా ఆయన క్రీస్తురాజయితే పొయ్యి పక్కన పీటేసుకుని కూచుని, నేను తాళింపు పెడతా ఉంటే ఆవాలు ఎక్కువైనాయని చెప్పే రకం.

ఏటా ఇదే గోల. పోయినేడు మాత్రం దీనికి తోడు మా ఇంట్లోకి సైన్సు దూరింది. దూరిందంటే, నా వల్లే దూరింది.

నా పేరు ఆనందకుమారి. మైపాడు పక్కన మా ఊళ్ళో అంగన్‌వాడీ ఆయాని. పిలకాయల్ని ఇళ్ళ నుంచి పిల్చుకొచ్చేది, ముక్కులు తుడిచేది, గుడ్లు ఉడకేసేది, గిన్నెలు తోమేది నేను. పాటలు పాడించేది గురవమ్మ టీచరు. ఆమె ఎండాకాలం దాటగానే రిటైరవతా ఉంది. టెన్త్ పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ముందు ఆమెకేనని ఆఫీసులో చెప్పినారు. నాకు తొమ్మిదో తరగతిలోనే పెళ్ళి చేసి పంపించినారు. అందుకని ఓపెన్ టెన్త్ కట్టినా. తెలుగు గట్టెక్కింది, సోషలు గట్టెక్కింది, లెక్కలు కూడా దేవుడి దయవల్ల గట్టెక్కినాయి. సైన్సు పోయింది. ఎండల్లో మళ్ళా పెట్టే పరీక్ష ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే పక్కూరి పిల్లెవరో వచ్చి ఆ కుర్చీలో కూచుంటది. నా కూతురి వయసు పిల్లని మేడమ్ మేడమ్ అంటా నేను గిన్నెలు తోముకుంటా ఉండాల. ఆ మాట తల్చుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

మండితే ఏం లాభం, పుస్తకం తెరిస్తే నిద్ర. "బాష్పీభవనం" అనే మాట కాడికి వచ్చేసరికి తల వాలిపోయేది. పరీక్షలకి ముందంతా అదే పేజీ మీద నిద్రపోయినా. ఆ పేజీకి నా తలనూనె మరక కూడా అంటుకునింది.

మా అమ్మాయి ఎవాంజెలిన్ నెల్లూరులో నర్సింగు చదవతా ఉంది. సెలవలకి వచ్చి నా చదువు చూసింది. "అమ్మా, నువ్వు చదివే చదువుకి ఆ పుస్తకం దిండు కింద పెట్టుకున్నా ఒకటే" అని పుస్తకం లాగేసి ఫోను చేతిలో పెట్టింది.

ఫోనులో సుకుమార్ అని ఒక కుర్రోడు. దువ్వెన మొహం ఎరగని జుట్టు. వాళ్ళమ్మ వంటింట్లోనే నిలబడి, వాళ్ళ గిన్నెలతోనే ఒక్క నిమిషంలో సైన్సు చెప్తాడు. వాళ్ళమ్మ కనపడదు గానీ, ఆ చెంబు అక్కడ పెట్టరా, పప్పు పొంగుతా ఉందిరా అని వెనక నుంచి అరస్తానే ఉంటది. మొదటి రోజు వాడు మంచినీళ్ళ కుండ పక్కన నిలబడి ఉన్నాడు. కుండకి కంటికి కనపడని బొక్కలుంటాయంట. అందులోనుంచి నీళ్ళు చెమటలాగా బయటికొస్తాయంట. ఆ చెమట ఆరిపోతా ఆరిపోతా లోపలి వేడిని కూడా పట్టుకుని పోతదంట. అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఇదే బాష్పీభవనం అన్నాడు. ఇంతేనా అనుకున్నా. ఇంత సుఖమైన సంగతికి అంత కష్టమైన పేరు పెట్టినోడు కనపడితే నాలుగు కడుగుదామనిపించింది.

అప్పట్నించి అన్నాలు తినంగానే ఫోను చుట్టూ చేరేది మా పని. నేను, ఎవాంజెలిన్, పని లేని మా ఆయన. సుకుమార్ దాంట్లో ఒక మెలిక ఉండేది. ప్రతి సంగతీ సగం చెప్పి, మిగతాది రెండో భాగంలో చూడండి అనేవాడు. మా ఫోనుకి రోజుకింతని వచ్చే నెట్టు సరిగ్గా ఆ మాట కాడ అయిపోయేది. మర్నాడు నెట్టు వచ్చేసరికి మా ఆయన కొత్త సంగతి పెట్టమనేవాడు. అట్ట మా ఇంటి సైన్సంతా మొదటి భాగాలతోనే నడిచింది.

ఇదంతా గిట్టని మనిషి ఒక్కరే, మా అత్త మగ్దలీనమ్మ. ఆమెది ఎండు చేపల యాపారం. నిషేధానికి ముందే కానాగంత చేపలు కొని, చీల్చి, ఉప్పు పట్టించి, ఇసకలో ఎండేసి గంపలకెత్తుకుంటది. పచ్చి చేప దొరకని కాలం గాబట్టి ఎండు చేపకి గిరాకీ. ఆ అమ్మకం మీదే మా ఇల్లు నడిచేది. నా చదువంటే ఆమెకి ఎందుకు పడదో దాచుకోలేదు.

"నువ్వు పాసై పోయి కుర్చీలో కూచుంటే నా చేపలు చీల్చేదెవరు, ఉప్పు పట్టించేదెవరు? నీ మొగుడు చీలిస్తే చేప ముక్కలవతది" అనింది మొహం మీదే.

"ఆదివారాలు చీలుస్తా గదత్తా" అన్నా.

"ఆదివారం దేవుడిది. నీదీ కాదు, నాదీ కాదు."

ఆమెతో వాదించి గెల్చినోళ్ళు మా వీధిలో లేరు. ఫోను మొదలైతే మొహం గోడకేసి తిప్పి కూచునేది. చెవులు మాత్రం తిప్పుకోలేదు. కుండ సంగతి నేను మళ్ళా ఒకసారి పెట్టుకుని వింటా ఉంటే, గోడకేసి చూస్తానే అడిగింది.

"అయితే వానలప్పుడు అదే కుండ, అవే నీళ్ళు. అప్పుడెందుకు చల్లబడవు?"

"వాడు చెప్పలేదత్తా" అన్నా.

"వాడు చెప్పకపోతే నీకు తెలవదా? పరీక్ష వాడు రాస్తాడా, నువ్వు రాస్తావా?"

రోషమొచ్చింది. తలనూనె మరక పేజీ తీసి, ఈసారి నిద్రపోకుండా కిందికంటా చదివినా. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదంట. వానలప్పుడు గుడ్డలు ఆరనట్టే. అది చెప్తే మా అత్త లేచి గంపలు సర్దుకునేదానికి పోయింది. మర్నాడు ఇంకొకటడిగింది. పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తదని సుకుమార్ చెప్తే, "అయితే తెల్లారుజామున నేల మీద నుంచి సముద్రంలోకి ఎందుకు పోతది" అనింది. మళ్ళా పుస్తకం తీసినా. నన్ను ఫెయిలు చేసేదానికే ఈ మనిషి ఇట్ట పొడస్తా ఉందని నేను లోలోపల తిట్టుకున్నా. ప్రార్థనలో కూడా తిట్టుకున్నా, ఆమె పక్కనే మోకరించి.

మా ఆయన పద్ధతి వేరు. ఆయన దేన్నీ అడగడు, చేసేస్తాడు. ఉప్పునీళ్ళలో గుడ్డు తేలతదని విని ఇంట్లో ఉన్న గుడ్లన్నీ తేలేసినాడు. ఉల్లిపాయ కోస్తే కళ్ళలోకి ఆవిరి కొట్టి నీళ్ళొస్తాయని విని, హెల్మెట్టు పెట్టుకుని ఉల్లిపాయలు కోసినాడు. దాంట్లో తప్పేమీ లేదు, నాకు పని తగ్గింది గదా అని ఊరుకున్నా. ఇంటికొచ్చినోళ్ళు మాత్రం వంటింట్లో హెల్మెట్టు చూసి, ఏమ్మా గొడవలా అని మెల్లగా అడిగి పోయేవాళ్ళు.

చీర కాడ మాత్రం మునిగినాడు. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా మారతదని సుకుమార్ చూపించినాడు. మా ఆయనకి తెల్లగుడ్డ కావలసొచ్చింది. దండెం మీద మా అత్త గుడికి కట్టుకునే తెల్లచీర ఆరతా ఉంది. కొంగున ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క అనుకున్నాడంట. సబ్బు రుద్దగానే ఎర్రబడేసరికి ఆయనకి సంబరమై, ఇంకో చుక్క పెట్టి ఎవాంజెలిన్‌ని పిలిచినాడు. ఆ మరక పోయేదెట్ట అనేది రెండో భాగంలో ఉండాది. నెట్టు లేదు.

ఆ పూట మా అత్త తిట్లు రేవు దాకా వినిపించినాయి. "నీ నాయన సముద్రంలో తుపానుకి కూడా ఎదురు పోయినాడురా. నువ్వు ఇంట్లో కూచుని నా కొంగుకి పసుపు పూస్తా ఉండావు" అనింది. ఆదివారం కొంగు లోపలికి మడిచి దోపుకుని గుడికొచ్చింది. పాస్టరు గారు మంచి ప్రసంగమే చేసినారు గానీ మా వరసలో ఎవరికీ ఎక్కలేదు. అందరి కళ్ళూ ఆ మడత మీదే.

ఆ తర్వాత తల్లి దగ్గర మంచి అనిపించుకోవాలని మా ఆయనకి పట్టుకునింది. కొడుకు తల్లిని మంచి చేసుకోవాలనుకుంటే రెండు పూటలు నోరు మూసుకుంటే చాలు. ఆయన అట్ట చెయ్యలేదు.

పరీక్ష ఇంక మూడు రోజులుందనగా, ఉప్పు గురించి చెప్పినాడు సుకుమార్. ఉప్పు చేప లోపలి నీళ్ళని బయటికి లాగేస్తది, నీళ్ళు లేకపోతే పురుగు బతకదు, అందుకే ఎండు చేప చెడిపోదు అన్నాడు. అక్కడ నెట్టు అయిపోయింది. మర్నాడు సందేళ మా అత్త ప్రార్థన కూటానికి పోయింది, నేను లోపల చదువుకుంటా ఉన్నా. మా ఆయన వసారాలో గంపలన్నీ విప్పి, ఎండిన చేపలకి మళ్ళా ఉప్పు పట్టించి, నీళ్ళు పోవాలని పైన ఏమీ కప్పకుండా వదిలిపెట్టినాడు. మీ నాయనమ్మకి చెప్పబాక, పొద్దున చూసి సంతోషపడతది అని ఎవాంజెలిన్‌తో చెప్పినాడంట.

పొద్దున మా అత్త గంపలో చెయ్యి పెట్టింది. ఎండిన కానాగంత వంచితే విరగాల. అది తడిగుడ్డ మాదిరి ఆమె చేతి మీద వాలిపోయింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. గంప అడుగునుంచి చెమ్మ కారతా ఉంది. చీర నాడు రేవుకి వినపడేటట్టు తిట్టిన మనిషి, ఆ పొద్దు చేపల్ని ఒక్కొక్కటే తీసి నేల మీద వరసగా పెట్టింది. అది చూసి మాకు భయమేసింది. మా ఆయన గోడకానుకుని నిలబడి, "నీళ్ళు లాగతదన్నాడమ్మా" అని చిన్నగా అన్నాడు.

ఎవాంజెలిన్ గబగబా ఫోను తెచ్చి రెండో భాగం పెట్టింది. ఉప్పు గాలిలో తేమని కూడా లాగేస్తది, సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఎండిన చేపలకి గాలి తగలకుండా కట్టి పెట్టుకోవాలని సుకుమార్ నవ్వతా చెప్పినాడు. వాళ్ళమ్మ వెనక నుంచి అప్పడాలు మెత్తబడినాయిరా అని అరిచింది.

"ఈ ముక్క మొన్న చెప్పేదానికి వీడికేం రోగం" అనింది మా అత్త. అంతలోనే చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టింది. "ఉప్పు దులిపి అన్నీ మళ్ళా ఎండలో వెయ్యాల. ఈ రోజూ రేపూ ఎండితే నిలస్తాయి, లేకపోతే కంపు కొట్టి పారబోసుకునేదే. అందరూ దిగండి. పరీక్షా లేదు, ఏమీ లేదు."

"పరీక్ష రేపేగదత్తా."

"ఆ సంగతి చేపలకి తెలవదు."

నేను పుస్తకం మూసి, కొంగు దోపుకుని దిగినా. ఆ రోజంతా ఇసకలో వంగి చేపలు తిప్పినా. ఈసారి ఇసక మీద పరచకుండా, మా ఆయన నాలుగు వాసాలు పాతి పాత వల కట్టినాడు. కింద నుంచి కూడా గాలి ఆడతదని. పాపం ఆయన మధ్యాన్నం అన్నం కూడా తినలేదు. ఆయన్ని చూస్తే జాలి, మా అత్తని చూస్తే కోపం, నా బతుకు చూసుకుంటే దిగులు. పొద్దు వాలగానే చేపలన్నీ పట్టాతో కప్పి అంచులకి ఇసక పోసినాం.

మర్నాడు తెల్లారి పట్టా తీసినాం. చేపలు కొంచెం గట్టిపడినాయి. నెల్లూరికి పోయే బస్సు కాసేపట్లో వస్తది. నేను రోడ్డు వైపు చూడకుండా చేపలు తిప్పతా ఉన్నా. మా అత్త వల అవతలి పక్క నిలబడి ఉంది.

"మే ఆనందా. ఉప్పు చేపలో నీళ్ళు లాగతదనేది సరే. గాలిలో నీళ్ళు యాడివి? నాకు కనపడవే."

"వానలప్పుడు కుండ చల్లబడదని నువ్వే అడిగినావు గదత్తా. అవే నీళ్ళు. సముద్రం ఆవిరై గాలిలోకి ఎక్కి ఉంటాయి. మనకి కనపడవు. ఉప్పుకి తెలస్తాది."

ఆమె కాసేపు గాలిని చూసింది, నిజంగానే ఏదో కనపడతదేమో అన్నట్టు.

"ఇది నీ పుస్తకంలో ఉండాదా?"

"ఉండాది."

మా అత్త చుట్టూ తిరిగొచ్చి నా చేతిలో చేప తీసుకునింది. "చేతులు సబ్బుతో కడుక్కో. ఈ వాసనతో పోతే పక్కన కూచున్నోళ్ళు రాయలేరు" అనింది. నేను కదలకుండా నిలబడితే, "బస్సు నీకోసం ఆగదు" అని వలకేసి తిరిగింది. మా ఆయన అప్పటికే నన్ను బస్సు కాడ దించేదానికి బండి స్టార్టు చేసి ఉన్నాడు, పొరపాటున కూడా ఇంకో మాట పుట్టకుండా.

పరీక్ష హాల్లో పేపరు తిప్పితే ముప్పావు వంతు తెలిసిన మొహాలే. చకచకా రాసేసినా. పక్కనోళ్ళు ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారు, నేను పెన్ను మూత పెట్టినా. హాలు మేడమ్ నా వైపు ఒక రకంగా చూసింది. అప్పుడు నా పేపరు నేను చూసుకున్నా. సుకుమార్ ఎట్ట చెప్పినాడో అట్టే రాసి పెట్టినా. ప్రతి జవాబూ ఒక్క నిమిషం జవాబే. పెద్ద ప్రశ్నలకి కూడా మూడేసి లైన్లు. ఒకదాని చివర "చూశారు గదా, ఇంతే" అని కూడా రాసి ఉన్నా. అన్నీ తెలుసు, అయినా మళ్ళా ఫెయిలే.

కుండ నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయనే ప్రశ్న కాడికి పోయి, నా మూడు లైన్లు చదువుకున్నా. గోడకేసి కూచున్న మా అత్త గొంతు వినిపించింది, అయితే వానలప్పుడో అని. దాని కింద వానల సంగతి రాసినా. అయితే గుడ్డలెందుకు ఆరవు, అనింది. గుడ్డల సంగతి రాసినా. సముద్రగాలి కాడికి పోయినా, అయితే తెల్లారుజామునో అనింది. నేలగాలి రాసి బొమ్మ కూడా వేసినా. ఉప్పు ప్రశ్న వచ్చేసరికి ఆమె అడగాల్సిన పని కూడా లేకపోయింది. మా ఇంట్లో జరిగిందంతా, మొగుడి పేరు తీసేసి, మొత్తం రాసినా. కాయితాలు చాలక మళ్ళా అడిగి తీసుకున్నా. అదే మేడమ్ ఈసారి ఇంకో రకంగా చూసింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్నానే ఈ మనిషిని అని బస్సులో వస్తా కళ్ళనీళ్ళు పెట్టుకున్నా. కండక్టరు చిల్లర గురించి అనుకుని, పోనీలేమ్మా తర్వాతివ్వు అన్నాడు.

నిషేధం ఎత్తేసినారు. బోట్లకి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు పెట్టినారు, ప్రార్థన చేయించుకునేవాళ్ళు చేయించుకున్నారు, మా ఆయన సముద్రం మీదికి పోయినాడు. ఇంట్లో హెల్మెట్టు దాని చోటికది పోయింది. ఎక్కువ చేపలు ఎండి నిలిచినాయి, కొన్ని పోయినాయి. ఒక మధ్యాన్నం ఎవాంజెలిన్ నెల్లూరు నుంచి ఫోను చేసి, పాసైనావమ్మా, మార్కులు కూడా బాగుండాయి అనింది. నేను పరిగెత్తుకుంటా పోయి మా అత్తతో చెప్పినా. "సరే, అన్నం పెట్టు, ఆకలేస్తా ఉంది" అనింది. తిని, చెయ్యి కడుక్కుని, పడుకునింది. నాకు అన్నం సయించలేదు. పాసైంది నేనైతే, ఓడిపోయింది ఆమె గాబోలు అనుకున్నా. ఆర్డరు రావాల్సి ఉంది. వచ్చినాక ఈ ఇంట్లో ఎట్ట ఉండాలో నాకు దిక్కు తెలవలేదు.

ఆ వారం ఇందుకూరుపేట సంతకి ఎండు చేపల గంప ఎత్తుకుని ఆమె వెనకాలే పోయినా. మా అత్త ముందు నడిచి చోటు పట్టుకునింది. నేను చేరేసరికి అప్పటికే ఒకామె బేరానికి కూచుని, మా అత్త చేతిసంచిలోనుంచి తీసిన రెండు చేపల్ని వంచి చూస్తా ఉంది.

"ఫెళ్ళున విరగతా ఉండాయే. ఈ కాలంలో అందరి చేపలూ మెత్తబడినాయి. ఏం చేసినావు పెద్దమ్మా?"

"ఉప్పు గాలిలో నీళ్ళు లాగతదమ్మా. అందుకని వల మీద ఎండేసి, గాలి తగలకుండా కట్టి పెట్టినా."

"గాలిలో నీళ్ళేంది? ఎవరు చెప్పినారు నీకు?"

"మా టీచరు" అనింది మా అత్త.

"ఏ టీచరు?"

మా అత్త తలెత్తి నన్ను చూపించింది. "ఈమే. అంగన్‌వాడీ టీచరు, మా కోడలు. ఇంకా కాయితం రాలేదు గానీ, టీచరే."

గంప నెత్తి మీదే ఉంది, దించాలని కూడా తోచలేదు. మా అత్త నా మొహం చూడకుండా పక్కకి జరిగి, తను కూచున్న గోనెపట్టా సగం నాకు వదిలింది.

"ఏందట్ట నిలబడినావు? కూచుని ఆమెకి చెప్పు. నేను చెప్తే సగమే వస్తది."

నేను గంప దించి, ఆమె పక్కన కూచుని, మొదట్నించీ చెప్పినా.